గొర్రె కడుపు కింద చెయ్యి

ముందే చెప్పేస్తాను, తర్వాత నన్ను అనొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో పిల్లి ఈనితే, నేను వీధి మలుపు దాకా వెళ్ళేసరికి అది చిరుతపులి అయిపోతుంది. మా ఆవిడ నేను చెప్పే ప్రతి సంగతినీ నాలుగో వంతుకు కోసుకుని వింటుంది. అయినా ఇంకా కొంచెం ఎక్కువే మిగులుతోందని ఆమె ఫిర్యాదు. మీరూ మీకు తోచినంత కోసుకోండి. కోయగా మిగిలే మనిషి మాత్రం నిజం.

ఆ మనిషి పోయాడని వికారాబాద్ స్టేషన్లో తెలిసింది. నేను తాండూరు వెళ్ళే ప్యాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని, మిరపకాయ బజ్జీ కొని నోరు తెరిచాను. ప్లాట్‌ఫారం మీద వెళుతున్న ముసలి కంపౌండరు నన్ను గుర్తుపట్టి ఆగాడు. ఆసుపత్రి ఉద్యోగం మానేసి చాలా కాలమైనా ఆయన ఇప్పటికీ మనిషిని చూడగానే ముందు కళ్ళ కింది రెప్ప చూస్తాడు. అది చూసి, రక్తం తక్కువుందని చెప్పి, ఆ తర్వాత అన్నాడు:

"మీ రేకుగొట్టం సారు పోయిండు, తెల్వదా? మొన్న మంగళారం. వెనక ముందు ఎవ్వలు లేరు గద, నలుగురం మోసినం. యాలాల్ దిక్కు నుంచి ఒక ముసలాయన వచ్చి కొత్త గొంగడి కప్పిండు. ఒంటికన్ను మనిషి. ఎవరయ్యా అంటే చెప్పలే. కప్పిండు, పోయిండు."

నా నోరు బజ్జీ కోసం తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. రైలు కదిలింది. తాండూరు వచ్చేదాకా మూతపడలేదు. ఎదుటి సీట్లో ఉన్న ఆవిడ నాకు వాతం కమ్మిందనుకుని నా చేతిలో బజ్జీ తీసి పక్కన పెట్టి, తర్వాత వృథా ఎందుకని తానే తినేసింది.

ఆయనకు పేరుంది. రాయను. తాండూరులో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు కాబట్టి రాసినా ప్రయోజనం లేదు. పోలీసు చర్య జరిగిన ఏడెనిమిదేళ్ళకు, నేను ముప్పై దాటి, తాండూరు గూడ్సు షెడ్డులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, ఒక పాత పల్లికాయల గోదాము సినిమా హాలయింది. పైన రేకులు, రేకుల నిండా చిల్లులు. పగటి ఆటలో పర్దా మీద ఎప్పుడూ నక్షత్రాలుండేవి. అక్కడికి ఇంగ్లీషు బొమ్మలు, అంటే సినిమాలు, వచ్చేవి. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే. ఆ ఇద్దరికీ పడదు, ఒకరొస్తారని రెండోవారు రారు. అందుకని బొమ్మ ఆడుతున్నంతసేపూ పర్దా పక్కన ఒక మనిషి నిలబడి కథ తెలుగులో చెప్పాలి. ఆ మనిషి ఈయన.

కాళ్ళ కింద ఒక తాండూరు బండ. నోటి దగ్గర కిరసనాయిలు డబ్బా రేకును చుట్టి అతికించిన గొట్టం. అందులోంచి ఎనభై గొంతులు వచ్చేవి. రాజు, రాణి, గుర్రం, తలుపు కిర్రుమనడం, పాపభీతి, తుఫాను. ఆయన తుఫాను చేస్తే బయట సైకిళ్ళు పడిపోయేవి. రాణి ఏడుపు చేస్తే, కుర్చీ క్లాసులో కూర్చునే బండల వ్యాపారి ఒకాయన రెండు రుమాళ్ళు తెచ్చుకునేవాడు.

అదే మనిషి గదికి వస్తే మూగవాడు. మేమిద్దరం ఒకే గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. ఉప్పు కావాలంటే ఉప్పు వైపు చూసేవాడు. రెండేళ్ళలో నాతో ఆడిన మాటలన్నీ కలిపి రాస్తే ఒక పోస్టుకార్డులో పడతాయి, ఇంకా క్షేమ సమాచారాలకు చోటు మిగులుతుంది. ఆ కొద్ది మాటల్లో నాలుగోసారో ఐదోసారో వచ్చే మాట ఒకటుంది: "బొమ్మ వాళ్ళది. మాట మనది."

ఇంకో అలవాటు. కథ దారి తప్పించబోయే ముందు చొక్కా రెండో గుండీ పట్టుకుని తిప్పేవాడు. గుండీ తిరిగిందంటే ఇక పర్దా మీద బొమ్మ ఏడుస్తున్నా ఈయన దాన్ని నవ్విస్తాడని నాకు తెలుసు.

బొమ్మల పెట్టె రైల్లో వచ్చేది. పెట్టెలో కథ రాసిన ఇంగ్లీషు కాగితం ఒకటి ఉండేది. దాన్ని పట్టుకుని ఈయన వికారాబాద్ వెళ్ళి కంపౌండరుతో చదివించుకునేవాడు. ఆ సంవత్సరం వరసగా గ్రీకు దేశపు పురాణాలు వచ్చాయి. కంపౌండరు పేర్లు చదివీ చదివీ దవడ పట్టేసి తన మందు తానే రాసుకున్నాడు. ఈయన పేర్లన్నీ తీసేశాడు. పేరు పెడితే పరాయివాడవుతాడట.

మాకు ఆ పురాణాలు ఒక దిగ్భ్రమ. మొదటి దిగ్భ్రమ బట్టలు. మీసాలున్న మహావీరులు, తొడలు కనపడేటట్టు లంగాల్లాంటివి కట్టుకుని కత్తులు దూస్తుంటే హాలంతా నిశ్చేష్టమైపోయింది. ఆడవాళ్ళు కొంగు మొహాన కప్పుకుని సందులోంచి చూశారు. గుండీ తిరిగింది. "కంట్రోల్ బట్ట," అన్నది గొట్టం. "మనిషికి గంతే ఇచ్చిన్రు." బట్టను రేషనులో కొలిచిచ్చిన కంట్రోలు రోజులు ఎవరూ మరిచిపోలేదు. హాలు మొత్తం అయ్యో పాపం అంది. ఆ తర్వాత ఎవరూ ఆ తొడల్ని తప్పుబట్టలేదు.

రెండో దిగ్భ్రమ సముద్రం. మాకు తెలిసిన నీళ్ళు కాగ్నా వాగువి, వేసవిలో అవీ ఉండవు. పర్దా మీద అల లేవగానే నేల క్లాసులో ముందు నాలుగు వరసలూ లేచి నిలబడి ధోవతులు మోకాళ్ళ పైకి పట్టుకున్నాయి. ఒకాయన చెప్పులు చంకలో పెట్టుకున్నాడు.

కొండ మీద కూర్చుని కింది మనుషుల బతుకుల్తో ఆడుకునే వాళ్ళ దేవుళ్ళు వచ్చినప్పుడు మాత్రం ఎవరూ కొయ్యబారలేదు. "గుట్ట మీద కూసున్నోళ్ళంత దొరలు," అన్నాడాయన. "పని లేదు. పొద్దందాక కిందోళ్ళ ఇండ్లల్ల పంచాయితి పెడ్తరు." దొరల గడీలు కళ్ళారా చూసిన జనం అది. గ్రీకు దేశం వాళ్ళకైనా ఆ పురాణం అంత తొందరగా అర్థమై ఉండదు.

ఇక ఆ బొమ్మ. యుద్ధం గెలిచి ఓడలో ఇంటికి పోతున్న ఒక రాజు, దారి తప్పి, తన మనుషులతో ఒక దీవిలో దిగి గుహలోకి దూరతాడు. ఆ గుహ ఒంటికన్ను రాక్షసుడిది. వాడు గొర్రెల కాపరి. సాయంత్రం మందను తోలుకొచ్చి, గుహ మూసి, ఒక్కొక్క మనిషినే పట్టి తింటాడు. రాజు వాడికి సారా తాగించి, మొన చెక్కిన మొద్దు కాల్చి, ఆ ఒక్క కన్నూ పొడుస్తాడు. పొద్దున గుడ్డివాడు మందను బయటికి వదులుతూ ఒక్కో గొర్రె వీపు తడిమి చూసుకుంటాడు. రాజూ అతని మనుషులూ గొర్రెల కడుపుల కింద వేలాడుతూ తప్పించుకుపోతారు. ఇదీ కథ.

అంగడి రోజు పగటి ఆట. పల్లెల నుంచి వచ్చినవాళ్ళతో హాలు కిక్కిరిసి, ఊపిరి తీసుకోవాలంటే పక్కవాణ్ణి అడగాల్సి వచ్చింది. ఆ రోజు యాలాల్ దగ్గరి నుంచి బీరయ్య అనే, గొర్రెలు కాసే కురుమాయన రెండు పొట్టేళ్ళను అమ్మడానికి అంగడికి వచ్చి, జీవితంలో మొదటిసారి సినిమాకు వచ్చాడు. ఆరున్నర అడుగుల మనిషి. నా లెక్కలో ఏడు. భుజాన గొంగడి. ప్రతి అంగడికీ వచ్చే మనిషి కాబట్టి అందరికీ తెలుసు; చోటు లేక వెనక గోడ వారన కూర్చున్నాడు. మేకలకు తుమ్మ మండలు వంచుతుంటే ముల్లు తగిలి ఎన్నడో ఒక కన్ను పోయింది.

పర్దా మీద గుహ చీకటైంది. గొర్రెలు వచ్చాయి. వాటి వెనక వాడు వచ్చాడు, నుదుటి నడుమ ఒకే కన్నుతో, తాటిచెట్టంత. హాలు బిగుసుకుపోయింది. పిల్లలు ఏడవడం కూడా మరిచిపోయారు. గొట్టంలోంచి వాడి గొంతు పాతాళంలోంచి వచ్చినట్టు వచ్చింది, మనిషి మాంసం వాసన వస్తోందని. ఆ భయంలో, బెంచీ క్లాసులోంచి ఎవడో అన్నాడు:

"అగ్గో, మన యాలాల్ బీరయ్య."

మూడువేల తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. బిగుసుకున్న భయమంతా నవ్వై పగిలింది. రేకులు అదిరాయి. బీరయ్యకు మొదట అర్థం కాలేదు. తనూ వెనక్కి తిరిగి చూశాడు, ఎవరిని చూసి నవ్వుతున్నారా అని. వెనక గోడే ఉంది.

అతను లేచి పోలేదు. కాల్చిన మొద్దు రాక్షసుడి కంటి మీదికి వచ్చినప్పుడు, బీరయ్య అరచెయ్యి తెచ్చి తన మంచి కంటి మీద పెట్టుకున్నాడు. అది నేను చూశాను. గుడ్డివాడు గొర్రెల వీపులు తడుముతున్నప్పుడు మాత్రం, ఎవరినీ ఉద్దేశించకుండా, "గట్ల తడమరు," అన్నాడు. దానికీ నవ్వారు.

నవ్వు హాల్లో ఆగి ఉంటే ఈ కథ లేదు. అంగడికి వచ్చిన జనం దాన్ని మూటల్లో పెట్టుకుని పల్లెలకు మోసుకుపోయారు. మా వైపు ఒక పద్ధతి ఉంది. పంట తీసిన చేన్లలో రైతులు కురుమల మందలను పిలిచి రాత్రుళ్ళు పెట్టించుకుంటారు. గొర్రెల ఎరువు చేనికి, రైతు కొలిచే గింజలు కాపరికి. బీరయ్య ఏడాది తిండి అదే. ఆ వారం ఒక రైతింటి కోడలు, ఆ రాక్షసుణ్ణి మా చేను గట్టున పడుకోనివ్వను, నా పిల్ల జడుసుకుంటుందని అడ్డం పడింది. ఇంకో ఇంట్లో పిల్లవాడికి జ్వరం వస్తే బీరయ్య చూపే అన్నారు. ముందే మాటిచ్చిన ముగ్గురు రైతులు వద్దన్నారు. మొదట నవ్వులాటకే అన్నారు. నవ్వులాటకు అన్నా చేను చేనే కదా, ఖాళీగానే ఉంది.

బీరయ్య ఒక పొద్దున మా గదికి వచ్చాడు. తలుపు చిన్నది కావడంతో మడత పెట్టినట్టు వంగి లోపలికి వచ్చి, కింద కూర్చున్నాడు. ఆయన మంచం మీద, నేను స్టవ్ దగ్గర. నా చేతిలో టీ గిన్నె ఉంది. దించాలని కూడా తోచలేదు.

"సారు, మనుషుల్ని తింటడని మీరే చెప్పిన్రు గద," అన్నాడు బీరయ్య. "నాకు పండ్లే లెవ్వు. జొన్నరొట్టె నానబెట్టుకొని తింట."

ఆయన చెయ్యి గుండీ మీదికి పోయి ఆగింది.

"బొమ్మ ఎవలో తీసిన్రు, నాకు దెల్వదు. మాట అయితె మీదేనట. అందరు అన్నరు. మల్ల అంగడి నాడు గూడ గదే బొమ్మనట. జర మాట మార్చుండ్రి. మంద ఏడ పెట్టుకోను నేను? గుట్ట మీద పెడ్తె గింజలు గుట్ట ఇస్తదా?"

మాట మార్చడం అంత సులువు కాదని నాకు తెలుసు. జనం విరగబడి వస్తున్నారని హాలు యజమాని ఆ బొమ్మను ఇంకో వారం ఆపుకున్నాడు. రాక్షసుణ్ణి ఇంకా భయంకరంగా చెయ్యమని, ఒక్క మాట తగ్గినా గొట్టం ఇంకొకరికి ఇస్తానని చెప్పి ఉన్నాడు. ఆ గొట్టం తప్ప ఈయనకు లోకంలో ఇంకేమీ లేదు. అది లేకపోతే ఉప్పు కూడా అడగలేడు.

ఆయన నోరు విప్పాడు. "గట్ల తడమరు అన్నవట. మరి ఎట్ల తడుముతరు?"

బీరయ్య గదంతా వెతికాడు, గొర్రెలాంటిది ఏమైనా ఉందా అని. ఏమీ లేదు. అప్పుడు మంచం మీది నుంచి ఆయన నా వైపు తిరిగాడు. ఒక్క క్షణం అట్లాగే చూసి అన్నాడు, "నువ్వు వంగు."

గూడ్సు షెడ్డు గుమాస్తాను, సర్కారు జీతగాణ్ణి, బండల మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి గొర్రెనయ్యాను. బీరయ్య చెయ్యి నా వీపు మీద ఆగలేదు. పక్కటెముకల మీదుగా జారి కడుపు కిందికి పోయి అక్కడ నిలిచింది. ఇంతటి చెయ్యి, కోడిగుడ్డు పట్టుకున్నంత మెల్లగా.

"వీపు తడిమితె ఏం దెలుస్తది, ఉన్ని తప్ప. చూలుదేదో, పాలు గట్టిందేదో, పిల్లను తాగనియ్యందేదో కడుపు కిందనే తెలుస్తది. కండ్లున్నోడు గూడ కండ్లతోని చూడడు. పుట్టినకాంచి చేస్తున్నం. గీ బొమ్మ తీసినోడు గొర్లను కాయలే సారు. కాసినోడైతె దొంగలు దొరుకుదురు."

మళ్ళీ అంగడి రోజు వచ్చింది. ఆయన తన డబ్బుతో కుర్చీ క్లాసు టికెట్టు కొని బీరయ్యను చివరి వరసలో, బొమ్మ మిషను వెలుతురు వచ్చే కన్నానికి సరిగ్గా కింద కూర్చోబెట్టాడు. పక్కనున్న బండల వ్యాపారి రుమాళ్ళు తీసుకుని రెండు కుర్చీలు అవతలికి జరిగాడు. యజమాని గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఆట మొదలైంది. ఓడ దీవి చేరింది. గుండీ తిరగడం మొదలుపెట్టింది.

"గీ దీవిల ఒక కాపరి ఉంటడు," అన్నది గొట్టం. పాతాళం గొంతు కాదు, మామూలు గొంతు. గదిలో నేను నెలకోసారి వినే గొంతు. "తల్లి లేదు, తండ్రి లేడు. గొర్లే ఆయనకు మనుషులు. పొద్దుగాల మందను తోలుకపోయిండు. ఇంటోడు లేనిది చూసి గీళ్ళు దొడ్లకు జొరవడ్డరు. పాలు తాగుతున్నరు చూడుండ్రి. అడిగిన్రా ఎవలనన్న? గిట్ల చేసేటోళ్ళను మీ ఊర్ల ఏమంటరు?"

హాలు విస్తుపోయింది. రాజు గురించి అట్లా అడుగుతారని ఎవరూ అనుకోలేదు. నేల క్లాసులోంచి ఒక ముసలామె గొంతు వచ్చింది, దొంగలంటమని.

కానీ ముందుంది అసలు చిక్కు. పర్దా మీద రాక్షసుడు ఒక మనిషిని ఎత్తి నోటి దగ్గరికి తీసుకుపోతాడు. అది మాట కాదు, బొమ్మ. మూడువేల మంది కళ్ళతో చూసేది. ఈయన ఏం చెప్తాడు? రాక్షసుడు చెయ్యి చాచాడు. మనిషిని ఎత్తాడు. గుండీ తెగి బండ మీద టక్కున పడింది. నేను విన్నాను.

"తినలే," అన్నాడు ఆయన. "గీ కథ మనకు చెప్పింది ఎవలు? తప్పించుకపోయినోడు. గొర్లను కొట్టుకొచ్చిండు, కన్ను పొడిచొచ్చిండు. ఇంటికాడ పెండ్లాం అడుగుతది గద, ఎందుకు చేసినవని. గప్పుడు ఏం చెప్తడు? వాడు మనుషుల్ని తింటుండె అంటడు. గాయన చెప్పిందే గీ బొమ్మ. కాపరి మాట ఎవలన్న అడిగిన్రా?"

పర్దా మీద వాడు మనిషిని నమిలి మింగుతుంటే మూడువేల మందీ దాన్ని అబద్ధంగా చూస్తున్నారు. అట్లాంటిది నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

కాల్చిన మొద్దు వచ్చింది. ఆయన గొట్టం దించేశాడు. మిషను తిరిగే చప్పుడొక్కటే. ఎవరో ఆడమనిషి వద్దురా అంది.

గుడ్డివాడు గుహ ముందు కూర్చుని, మందను వదులుతూ, వీపులు తడమసాగాడు. గొర్రెల కడుపుల కింద మనుషులు. అప్పుడు గొట్టం మళ్ళీ లేచింది. "బీరయ్య, నువ్వు చెప్పు. ఎట్ల తడమాలె?"

బీరయ్య లేచాడు. అతని తలా భుజాలూ మిషను వెలుతురులోకి వచ్చాయి. పర్దా మీద రాక్షసుడి కంటే పెద్ద నీడ పడింది. జనం వెనక్కి తిరగలేదు, ముందుకే చూస్తున్నారు. నీడ వంగింది. నీడ చెయ్యి చాచింది. ఆ చెయ్యి గొర్రె వీపు మీద ఆగకుండా, పక్కగా జారి, కడుపు కిందికి పోయి, అక్కడ వేలాడుతున్న రాజును పట్టుకుంది.

"గిట్ల," అన్నాడు బీరయ్య.

ఆ క్షణంలో లేచిన కేకకు వికారాబాద్ సిగ్నలు తనంతట తాను పడిందని రైల్వేలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దొరికిండని నేల క్లాసు లేచింది. తర్వాత బొమ్మలో రాజు ఎన్ని కష్టాలు పడినా ఎవరికీ పట్టలేదు. చివరికి ఇల్లు చేరి పెళ్ళాన్ని కౌగిలించుకుంటుంటే, గొర్లు ఏడవోయినయిరా అని అడిగారు. జామకాయలు పడ్డాయి. పర్దా చిరిగింది.

బయటికి వస్తుంటే, మాట తప్పిన ముగ్గురు రైతుల్లో ఒకాయన చుట్ట ముట్టించుకుంటూ, బీరయ్య మొహం చూడకుండానే, "ఎల్లుండి మా చేన్ల పెట్టు మంద," అన్నాడు. బీరయ్య తలూపాడు.

హీరోను దొంగను చేశాడని యజమాని ఆ సాయంత్రమే ఈయన్ని తీసేశాడు. ఈయన గొట్టం చంకలో పెట్టుకుని వికారాబాద్ పోయి, లాంతర్లూ గొడుగులూ బాగు చేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఒకసారి చూడటానికి వెళ్ళాను. గొట్టాన్ని తిరగేసి గరాటు చేసి సీసాలోకి కిరసనాయిలు పోస్తున్నాడు. రెండో గుండీ లేదు. నన్ను చూసి స్టూలు వైపు చూశాడు. గంటసేపు కూర్చున్నాను. ఒక మాట చెప్పాలనే వెళ్ళాను నేను. చెప్పకుండానే రైలెక్కాను.

ఇక ఒప్పుకోవాలి. హాల్లో మూడువేల మంది పట్టరు, మూడువందలే. సిగ్నలు పడలేదు. బీరయ్య ఏడడుగులు కాడు. జామకాయలు నాలుగో ఐదో. బజ్జీని ఎదుటి సీటావిడ తినలేదు, నేనే పారేశాను. ఇవన్నీ ఉన్నదాన్ని ఉబ్బించినవి, మీరు ముందే కోసేసుకుని ఉంటారు. లేనిదాన్ని పుట్టించింది మాత్రం ఒక్కటే. మొదటి ఆటలో, బెంచీ క్లాసులోంచి ఎవడో మన యాలాల్ బీరయ్య అన్నాడని రాశాను.

ఆ ఎవడో అనేవాడు లేడు. ఆ మాట నాది. హాలు మొత్తం నవ్వింది కదా, ఆ సాయంత్రమంతా నాకు చాలా గర్వంగా కూడా ఉండింది.

ఎనభై గొంతులు తెలిసిన మనిషి, చీకట్లోనైనా గదిలో పక్క మంచం గొంతు పోల్చుకోకుండా ఉంటాడా? బీరయ్యకు చెప్పలేదు, యజమానికి చెప్పలేదు, నన్ను అడగలేదు. నువ్వు వంగు అన్నాడు, అంతే.